ఏటీఎం ఇవ్వని డబ్బు, బ్యాంకు చెప్పని హక్కు

పాలమూరు వైపు క్షేత్ర పరిశోధన కోసం తిరుగుతున్నప్పుడు ఒక ఊరి మాదిగవాడలో ఒక పెద్దమ్మ మాకు తన పాస్‌బుక్ చూపించింది. జూన్ 5న మండల కేంద్రంలోని ఏటీఎంలో రెండు వేలు తీయబోతే మిషన్ గరగరమని ఆగిపోయింది. నోట్లు రాలేదు, చీటీ రాలేదు. ఖాతాలో మాత్రం రెండు వేలు తగ్గాయి. మూడు వారాల్లో ఆమె రెండుసార్లు బ్యాంకుకు పోయింది. మొదటిసారి "వస్తాయిలే పో" అన్నారు. రెండోసారి "ఆ ఏటీఎం మా బ్యాంకుది కాదు, వాళ్లనే అడుగు" అన్నారు. "నేను తీసుకోలేదని ఎట్ల రుజువు చేయాలె బిడ్డా?" అని ఆమె మమ్మల్ని అడిగింది.

ఉపాధి కూలీ, పింఛనూ బ్యాంకు ఖాతాల్లో పడుతున్న కాలంలో ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. 2025-26లో తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. రెండు వేలంటే దాదాపు ఏడు రోజుల కష్టం. దానికోసం బ్యాంకు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ ఇంకో కూలి పోయినట్టే.

రుజువు ఎవరి దగ్గర ఉంది?

మన కార్డు ఇచ్చిన బ్యాంకు ఒకటి, ఏటీఎం పెట్టిన బ్యాంకు ఇంకొకటి కావచ్చు. రెండింటి మధ్య సమాచారం నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ అనే నెట్‌వర్క్ మీదుగా నడుస్తుంది. మనం పిన్ కొట్టి మొత్తం అడగగానే ఆ అడుగు మన బ్యాంకుకు చేరుతుంది. మన బ్యాంకు ఖాతాలో ఆ మొత్తం తగ్గించి "ఇవ్వొచ్చు" అని కబురు పంపుతుంది. నోట్లు బయటికి వచ్చేది ఆ తర్వాతే. ఈ మధ్యలో లైను తెగినా, నోట్లు ఇరుక్కున్నా ఖాతాలో డబ్బు పోతుంది, చేతికి మాత్రం రాదు.

అయితే ప్రతి లావాదేవీలో ఏం జరిగిందో మిషన్ లోపల నమోదవుతుంది. దాన్ని ఎలక్ట్రానిక్ జర్నల్ అంటారు. మనకు రాని నోట్లు మిషన్‌లోనే ఉండిపోతాయి కాబట్టి, నగదు లెక్క చూసినప్పుడు ఆ మేరకు ఎక్కువ తేలుతుంది. పైన సీసీ కెమెరా ఉంటుంది. అంటే పెద్దమ్మను అడుగుతున్న రుజువు మొత్తం బ్యాంకుల చేతిలోనే ఉంది.

నియమం ఏం చెబుతోంది?

రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. అది ఆ ఏడాది అక్టోబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఖాతాలో డబ్బు తగ్గి ఏటీఎంలో నగదు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు తిరిగి జమ కావాలి. సెలవులూ ఆదివారాలూ ఇందులో కలిసే ఉంటాయి. ఐదు రోజులు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. రెండు వేలు అడిగితే పదిహేను వందలే వచ్చినా, రాని ఐదు వందలు తిరిగి అడగొచ్చు.

ఆ సర్క్యులర్‌లో మనవాళ్లకు ఎవరూ చెప్పని మాట ఇంకోటి ఉంది. ఈ పరిహారాన్ని ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా బ్యాంకే తనంతట తాను జమ చేయాలి.

పెద్దమ్మ లెక్కే చూద్దాం. డబ్బు పోయింది జూన్ 5న. గడువు జూన్ 10తో ముగిసింది. డబ్బు తిరిగి పడింది జూలై 4న. జూన్ 11 నుంచి జూలై 4 దాకా 24 రోజులు. పరిహారం 2,400 రూపాయలు. పోయిన సొమ్ముకన్నా ఎక్కువ.

ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర ఉండే మైక్రో ఏటీఎంలకూ ఇదే గడువు, ఇదే పరిహారం. "ఫెయిల్ అయింది, మళ్లీ వేలు పెట్టు" అన్నప్పుడు మళ్లీ వేలు పెట్టేముందు చీటీ అడగాలి, ఖాతాలో నిల్వ చూపించమనాలి. మిషన్ ఆగిపోవడం వేరు, ఫెయిలైందని చెప్పి డబ్బు కాజేయడం వేరు. మోసం అనిపిస్తే బ్యాంకుకు వెంటనే చెప్పి, 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఏం చేయాలి?

మొదట మిషన్ మీద రాసి ఉండే ఏటీఎం నంబరు, స్థలం, తేదీ, సమయం రాసుకోవాలి. ఫోన్‌కు వచ్చిన మెసేజ్ చెరిపేయొద్దు. చీటీ రాకపోయినా ఫిర్యాదు చేయొచ్చు.

ఫిర్యాదు మన కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. "ఆ ఏటీఎం మాది కాదు" అనే జవాబు చెల్లదు. అవతలి బ్యాంకుతో తేల్చుకోవాల్సింది మన బ్యాంకే.

దరఖాస్తు తెలుగులో ఇలా రాస్తే చాలు: "నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చోట ఉన్న ఏటీఎంలో ఇన్ని రూపాయలు అడిగాను. నగదు రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గింది. 2019 సెప్టెంబర్ 20 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం నా డబ్బు, ఆలస్యానికి రోజుకు వంద రూపాయల పరిహారం జమ చేయగలరు." కార్డు చివరి నాలుగు అంకెలు వేస్తే చాలు. పిన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు, ఎక్కడా రాయొద్దు. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఫోన్లో ఫిర్యాదు చేస్తే ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

"మా రికార్డులో డబ్బు వచ్చినట్టే ఉంది" అని బ్యాంకు అంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనాలి. ఎలక్ట్రానిక్ జర్నల్, ఆ రోజు నగదు లెక్క, కెమెరా దృశ్యాలు పరిశీలించమని మళ్లీ రాయాలి. దృశ్యాలు ఎల్లకాలం దాచరు కాబట్టి ఫిర్యాదు త్వరగా పడటం ముఖ్యం.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. సమీకృత అంబుడ్స్‌మన్ పథకం 2021 నవంబర్ 12న మొదలైంది. గ్రామీణ బ్యాంకులూ దీని కిందికే వస్తాయి. ఫీజు లేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లోనైనా, చండీగఢ్‌లోని దాని కేంద్రానికి పోస్టులోనైనా పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో సమాచారం చెబుతారు. కానీ ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. పెద్దమ్మ రెండుసార్లు నోటితో అడిగింది ఈ లెక్కలోకి రాదు. అందుకే ముద్ర వేసిన ఆ కాపీకి అంత విలువ.

విద్యార్థుల పని ఎక్కడ?

అంబుడ్స్‌మన్ ముందు ఖాతాదారు తరఫున వకీలు ఫిర్యాదు వేయడానికి లేదు. ఖాతాదారు రాసిచ్చిన అధికారంతో వేరే ఎవరైనా వేయొచ్చు. డిగ్రీ చదివే పిల్ల తన వాడలోని అవ్వ తరఫున నిలబడొచ్చు.

అడగకుండానే ఇవ్వాలని నియమం ఉంది. ఆచరణలో గట్టిగా అడిగినవాళ్లకే అందుతోంది. కౌంటర్ దగ్గర ఎవరు గట్టిగా అడగగలరు, ఎవరి మాటను నిజమని నమ్ముతారు అనేది మన సమాజంలో కులాన్ని బట్టి, చదువును బట్టి, కట్టుకున్న బట్టను బట్టి తేలుతుంది. కాగితం మీద తేదీ, ముద్ర ఉన్నప్పుడు ఆ తేడా కొంతైనా తగ్గుతుంది. జవాబు చెప్పాల్సిన బాధ్యత అవతలివైపుకు మారుతుంది.

పెద్దమ్మతో కలిసి జూన్ 27న దరఖాస్తు ఇచ్చాం. జూలై 4న రెండు వేలు మాత్రమే పడ్డాయి. పరిహారం గురించి ఎవరూ ఎత్తలేదు. 2,400 రూపాయల లెక్క వేసి రెండో దరఖాస్తు ఇచ్చాక అదీ జమైంది. పాస్‌బుక్‌లో ఆ వరుస చూపించి చదివి వినిపిస్తే ఆమె రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఆ దరఖాస్తు నకలు ఒకటి అడిగింది. వెనకింటి కోడలికి కూడా పోయిన నెల ఇట్లనే అయ్యిందట.