శ్రుతిపెట్టె అటకెక్కితే...

పొద్దున్నే ఆరింటికి శ్రుతిపెట్టె మోగుతుంది. పాప గొంతు సవరించుకుని సరళీ వరసలు అందుకుంటుంది. వంటింట్లోంచి అమ్మ వింటూ మురిసిపోతుంది. చుట్టాలొస్తే 'ఏదీ, ఓ కీర్తన పాడమ్మా' అని అడుగుతారు. రెండుమూడేళ్లు ఇలా సాగుతుంది. ఇంతలో తొమ్మిదో తరగతి వస్తుంది. ట్యూషన్లు మొదలవుతాయి. శ్రుతిపెట్టె అటకెక్కుతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

'పాట నేర్చుకుంటే మార్కులొస్తాయా?' అన్నది పెద్దల ప్రశ్న. దాని వెనక ఓ కథ ఉంది.

మొజార్ట్ వింటే తెలివా?

1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించారు. ఆకారాలను ఊహించుకునే పరీక్షలో వాళ్లు కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంటకు మించి నిలవలేదు. అయినా 'మొజార్ట్ వింటే పిల్లలు మేధావులవుతారు' అంటూ ప్రచారం మొదలైంది. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు కూడా అడిగారు!

వినడం సరే, నేర్చుకుంటే? కెనడాలో 144 మంది ఆరేళ్ల పిల్లల్లో కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం నేర్పారు. కొందరికి ఏదీ నేర్పలేదు. 2004లో ఫలితాలు వచ్చాయి. సంగీతం నేర్చినవారి ఐక్యూ మిగతావారికన్నా దాదాపు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది. అంతే! 2020లో 54 అధ్యయనాలను కలిపి చూస్తే, పకడ్బందీగా చేసినవాటిలో ఆ మాత్రం తేడా కూడా తేలలేదు.

అయితే సంగీతం దండగేనా? కానేకాదు. దాని విలువను మార్కుల్లో వెతకడమే పొరపాటు.

మరేం వస్తుంది?

సరళీ వరసనే తీసుకోండి. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి అదే నడకతో తాళం వేస్తుంటే గొంతు నాలుగింతల వేగం అందుకోవాలి. చెవి శ్రుతిని వదలకూడదు. స్వరం తప్పితే ఎర్రసిరాతో కొట్టేసేవారుండరు. గురువు మళ్లీ పాడతారు, పాప మళ్లీ పాడుతుంది. తప్పు చేయడం సిగ్గుపడాల్సిన పని కాదనీ, సాధన చేస్తే వస్తుందనీ తెలిసేది అక్కడే. నలుగురితో కలిసి పాడాలంటే పక్కవాళ్ల గొంతు వినాల్సిందే. ఎదుటివారిని వినడం అలా అలవాటవుతుంది.

1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలోనే ఘంటసాల, పి.సుశీల చదువుకున్నారు. ప్రతి పాపా సుశీల కానక్కర్లేదు. మంచి పాట వినపడితే ఆగి ఆస్వాదించగలిగితే అదీ గొప్ప సంపదే.

పావుగంట చాలు

పదో తరగతిలో గంట సాధన కుదరకపోతే పావుగంట చాలు. ఇష్టం లేకపోతే చుట్టాల ముందు పాడమని బలవంతపెట్టొద్దు. పక్కింటి పిల్లలతో పోల్చొద్దు. వీలైనప్పుడు అమ్మానాన్నా పక్కన కూర్చుని వింటే, అదే పెద్ద బహుమతి.

పరీక్షలయ్యాక మార్కుల జాబితా బీరువాలోకి వెళ్తుంది. నేర్చుకున్న పాట అలా కాదు. ఏ ముప్ఫై ఏళ్ల తర్వాతో, మనసు బాగోని ఓ సాయంత్రం తనంతట తానే గొంతులోకి వస్తుంది. అందుకోసమైనా శ్రుతిపెట్టెను అటక మీంచి దించండి!