తట్టుకునే వరి రకం కొన్నేళ్లకే ఎందుకు లొంగిపోతుంది?

మన పాల సంఘాల సభ్యులలో చాలామందికి వరి ప్రధానమైన పంట. గింజ ఇంటికి, గడ్డి పశువుకు. అగ్గి తెగులు వచ్చిన ఏడు గింజా తగ్గుతుంది, గడ్డివామీ చిన్నదవుతుంది. గడ్డి కొని మేపవలసి వస్తే పాల మీద మిగిలేది ఆ మేరకు తరిగిపోతుంది. కనుక ఈ తెగులు సంగతి పాడి రైతుకు కూడా పట్టించుకోవలసినదే.

అగ్గి తెగులును తట్టుకుంటుందని చెప్పి ఇచ్చిన రకం కొన్నేళ్లు బాగా నిలబడి, తరువాత ఒక ఏడు ఉన్నట్టుండి మాడిపోతుంది. విత్తనం కల్తీ అయిందని రైతు అనుకోవడం సహజం. కల్తీ జరిగి ఉండవచ్చు కూడా. కాని చాలాసార్లు మారినది విత్తనం కాదు, తెగులును కలిగించే శిలీంధ్రం.

తెగులు సోకే విధానం

ఈ శిలీంధ్రం పేరు పైరిక్యులేరియా ఒరైజే. గాలిలో ఎగిరి వచ్చిన దీని బీజం మంచుకు తడిసిన ఆకుపై అంటుకొని మొలకెత్తి, మొలక చివర చిన్న బుడిపెను ఏర్పరచుకుంటుంది. ఆ బుడిపెలోని ఒత్తిడి 80 వాతావరణ పీడనాల వరకు చేరుతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది సుమారు 40 రెట్లు. ఆ బలంతో అది ఆకు పై పొరను మేకులాగ పొడుచుకొని లోపలికి పోతుంది. కొద్ది రోజులలో ఆకుపై నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు గల నూలు కండె ఆకారపు మచ్చలు కనిపిస్తాయి. వెన్ను మెడకు సోకితే అదే మెడవిరుపు. అప్పుడు గింజ తాలుపోతుంది.

గుర్తు పట్టడంలోనే ఉంది రక్షణ

ఆకులోకి చొరబడిన శిలీంధ్రం కొన్ని మాంసకృత్తులను వదలి మొక్క రక్షణ శక్తిని అణచివేస్తుంది. తట్టుకునే రకంలోని జన్యువు ఆ మాంసకృత్తులలో ఏదో ఒకదాన్ని గుర్తు పట్టి, సోకిన చోట కణాలను వెంటనే చంపి తెగులును అక్కడికక్కడే ఆపుతుంది. మొక్కలో ఒక జన్యువుకు శిలీంధ్రంలో ఒక జన్యువు జవాబుగా ఉంటుందనే ఈ సూత్రాన్ని 1940లలో అమెరికాలో అవిసె కుంకుమ తెగులుపై పరిశోధించి హెరాల్డ్ ఫ్లోర్ అనే శాస్త్రవేత్త కనుగొన్నారు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. పొలం కావలివాడు దొంగను తలపాగా చూసి గుర్తు పట్టేవాడైతే, తలపాగా తీసేసి వచ్చిన దొంగ పట్టుబడడు. శిలీంధ్రం చేసేది ఇదే. మొక్క గుర్తు పట్టే జన్యువును అది పోగొట్టుకుంటే చాలు, ఆ రకం దానికి లొంగిపోతుంది.

శిలీంధ్రం జన్యువులను ఎలా పోగొట్టుకుంటుంది?

ఈ శిలీంధ్రపు మొత్తం జన్యు లిపిని శాస్త్రవేత్తలు చదివి 2005లో ప్రకటించారు. ఏడు క్రోమోజోములలో సుమారు 4 కోట్ల అక్షరాలు, 11 వేల జన్యువులు ఉన్నట్లు తేలింది. ఆ లిపిలో సుమారు పదో వంతు మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. వాటిలో చాలావరకు ఒకచోట నుండి మరొకచోటికి దూకే స్వభావం గలవి. అలాంటి ముక్క ఒక జన్యువు నడుమ పోయి పడితే ఆ జన్యువు పని చేయదు.

ఏవీఆర్-పిటా అనే జన్యువు దీనికి మంచి ఉదాహరణ. వరిలోని పై-టా అనే జన్యువు గుర్తు పట్టేది దీని మాంసకృత్తినే. ఈ జన్యువు క్రోమోజోము కొసన ఉన్నట్లు మొదట కనుగొన్నారు. బట్ట అంచు త్వరగా చిరిగినట్లే, క్రోమోజోము కొస కూడా సులభంగా తెగిపోతుంది. కొన్ని శిలీంధ్రాలలో ఈ జన్యువు పూర్తిగా ఊడిపోయింది, కొన్నింటిలో ఒక అక్షరం మారింది, మరికొన్నింటిలో దూకే ముక్క వచ్చి పడింది. దారి ఏదైనా ఫలితం ఒక్కటే: పై-టా గల వరి దాన్ని గుర్తు పట్టలేదు.

ఇలాంటి మార్పు ఒక బీజంలో జరగడం అరుదు. కాని ఒక్క మచ్చ నుండి రాత్రికి వేల బీజాలు వెలువడతాయి. ఊరంతా ఒకే రకం వేసినప్పుడు, మారిన ఒక్క బీజానికి ఊరి పొలమంతా మేతే. పాత శిలీంధ్రం ఆ రకం మీద బతకదు కనుక, కొత్తదే పెరుగుతుంది.

ఇతర దేశాల అనుభవం

దక్షిణ కొరియాలో 1970లలో టోంగిల్ తరహా వరి రకాలను విస్తారంగా వేశారు. మొదట తెగులును తట్టుకున్న ఆ రకాలు, కొత్త తెగలు పుట్టడంతో 1978లో అగ్గి తెగులుకు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

ఇదే శిలీంధ్రానికి చెందిన మరో శాఖ గోధుమకు కూడా సోకింది. ఈ తెగులును 1985లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో మొదట గుర్తించారు. అక్కడ అప్పట్లో విస్తారంగా వేసిన గోధుమ రకాలలో శిలీంధ్రాన్ని గుర్తు పట్టే ఒక జన్యువు లేదు. ఆ పొలాలు తెగులుకు మెట్టులా ఉపయోగపడ్డాయని, తరువాత శిలీంధ్రం తన వైపు జన్యువును కూడా పోగొట్టుకొని మిగిలిన రకాలకు పాకిందని 2017లో శాస్త్రవేత్తలు వివరించారు. 2016లో ఆ తెగులు బంగ్లాదేశ్ చేరి సుమారు 15 వేల హెక్టార్ల గోధుమకు సోకింది.

చైనాలోని యునాన్ రాష్ట్రంలో 1998, 1999లో రైతులు దీనికి విరుగుడు చూపారు. తెగులును తట్టుకునే సంకర వరి నాలుగు లేక ఆరు వరుసలకు ఒక వరుస చొప్పున, తెగులుకు లొంగే జిగట బియ్యం రకం నాటారు. ఆ జిగట రకంలో తెగులు, ఒంటిగా వేసినప్పటికంటే 94 శాతం తగ్గింది. రెండేళ్లు ముగిసేసరికి మందు చల్లడం మానివేయగలిగారు.

సభ్యులు పాటించవలసినవి

1. ఊరంతా ఒకే రకం వేయవద్దు. రెండు మూడు రకాలను వేర్వేరు చెలకలలో వేసుకునేటట్లు సంఘ సమావేశంలోనే మాట్లాడుకోండి.

2. తట్టుకునే రకం వేసినా పొలం చూస్తూ ఉండండి. అటువంటి రకంలో మచ్చలు కనిపిస్తే కొత్త తెగ వచ్చిందేమోనని అనుమానించి వెంటనే వ్యవసాయాధికారికి తెలపండి.

3. తెగులు సోకిన పొలం నుండి విత్తనం ఉంచుకోవద్దు. విత్తనశుద్ధి తప్పనిసరి.

4. తెగులు సోకిన గడ్డిలో, మోళ్లలో శిలీంధ్రం బతికి ఉంటుంది. అటువంటి గడ్డివామిని నారుమడి పక్కన వేయవద్దు. కొత్త నారు పోయకముందే ఆ గడ్డి పశువులకు అయిపోయేలా చూసుకోండి.

5. యూరియా ఒకేసారి ఎక్కువగా వేయవద్దు. చల్లని రాత్రులు, మంచు, మబ్బు ఉన్న రోజులలో మరింత జాగ్రత్త అవసరం.

6. ఒకే మందు పదేపదే చల్లితే దానికి కూడా శిలీంధ్రం అలవాటు పడుతుంది. సలహా మేరకు మందులు మార్చి వాడండి.

మంచి రకం తయారు చేయడానికి శాస్త్రవేత్తలకు ఏళ్లు పడుతుంది. దాన్ని ఎన్నాళ్లు నిలుపుకుంటామన్నది రైతులు దాన్ని వేసే తీరు మీద ఆధారపడి ఉంటుంది. ఈ పని ఒక్క రైతు వల్ల కాదు, ఊరంతా కలిసి చేయవలసినదే. పాలు కలిసి పోసుకుంటున్న మన సంఘాలకు అది కొత్త పాఠం కాదు.