ఒక బల్ల, ఒక కీబోర్డు – మూడు కంప్యూటర్లు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు పెద్దలు. ఈనాడు మన ఇళ్ళలోని వ్రాతబల్లను చూస్తే ఆ సామెత జ్ఞాపకం రాక మానదు. బల్ల ఒక్కటే. దానిమీద ఆఫీసువారు ఇచ్చిన లాప్‌టాప్ ఒకటి, పిల్లల చదువుకని కొన్న కంప్యూటరు ఒకటి, ఇంటి పద్దులూ పాత ఫొటోలూ దాచుకున్న ముసలి కంప్యూటరు మరొకటి. ఒక్కొక్క దానికి ఒక కీబోర్డు, ఒక మౌసు, ఒక మానిటరు. కాఫీ గ్లాసు పెట్టుకొనడానికి చోటుండదు. “తాతగారూ, మీరు కొడుతున్నది నాన్న కీబోర్డు. మీది ఆ పుస్తకాల కింద ఉంది” అని మనుమరాలు హెచ్చరించవలసి వస్తుంది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత ఆఫీసు పని చాలామందికి ఇంటికే వచ్చింది. బెంగుళూరులోను, చెన్నైలోను, పూనాలోను స్థిరపడిన మన కుటుంబాలలో కొందరికి అది పూర్తిగా తిరిగి పోలేదు. వారానికి ఒకటి రెండు రోజులైనా ఇంటి బల్లే ఆఫీసు. చోటు ఇరుకు ఒక్కటే ఇక్కడ కష్టం కాదు. లాప్‌టాప్ తెర కంటికి బాగా దిగువన ఉంటుంది. గంటల తరబడి మెడ వంచి చూస్తే నొప్పి తప్పదు. అరవై దాటిన కళ్ళకు ఆ చిన్న అక్షరాలు మరీ శ్రమ. కంటికి ఎదురుగా పెద్ద మానిటరు, చేతికి అనువైన కీబోర్డు ఉంటే ఎంతో సుఖం. కాని ప్రతి యంత్రానికీ ఒక జత కొనాలంటే ఏ గృహస్థుకు మాత్రం తేలిక? ఒకే జతను అన్నిటికీ వంతులవారీగా వాడుకొనే ఉపాయాలు ఉన్నవి. వాటి మంచిచెడ్డలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తలక్రిందులైన కథ

మొదట్లో కథ దీనికి సరిగ్గా వ్యతిరేకం. కంప్యూటరు ఒకటి, దానికోసం కాచుకున్నవారు అనేకులు. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు ఒక పెద్ద కంప్యూటరు కాలాన్ని చిన్నచిన్న ముక్కలుగా పంచి, పలువురు తమ తమ మీటల యంత్రాల దగ్గర కూర్చుని ఏకకాలంలో పనిచేసుకొనే పద్ధతిని ప్రదర్శించారు. మన దేశంలో ఆ రోజులలో కంప్యూటరన్నది వ్రేళ్ళమీద లెక్కించదగిన వస్తువు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌వారు సొంతంగా నిర్మించిన యంత్రం 1960లో పనిలోకి వచ్చింది. 1962లో నెహ్రూగారు దానికి ‘టిఫ్రాక్’ అని నామకరణం చేశారు.

మౌసు పుట్టుక కూడా ఆ దశాబ్దంలోనిదే. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లీష్ 1964లో చెక్కపెట్టెలాంటి తొలి నమూనాను తయారుచేశాడు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని సభలో అందరికీ చూపించాడు. తరువాత యంత్రాలు చవకయినవి, మనుషులకంటె అవే ఎక్కువయినవి. ఒక పెద్ద గదిలో వరుసగా నిలబెట్టిన పదుల కొద్ది కంప్యూటర్లను ఒక్క ఉద్యోగి కనిపెట్టి చూడవలసి వచ్చినపుడు ప్రతిదానికీ ఒక మానిటరు పెట్టడం దండుగ అని తోచింది. ఆ అవసరంలోంచి వచ్చినదే మనం చెప్పుకోబోయే మొదటి సాధనం.

మొదటి మార్గం: స్విచ్చి పెట్టె

దీనిని కె.వి.ఎం. స్విచ్చి అంటారు. కీబోర్డు, వీడియో, మౌసు అనే మూడు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. చూడటానికి చిన్న పెట్టె. ఒకవైపు మీ కీబోర్డు, మౌసు, మానిటరు తగిలిస్తారు. రెండవవైపునుంచి ఒక్కొక్క కంప్యూటరుకు సాధారణంగా రెండేసి తీగలు పోతాయి: బొమ్మకు ఒకటి, మీటలకు ఒకటి. పెట్టెమీద బొత్తాము నొక్కితే మొదటి కంప్యూటరు, మళ్ళీ నొక్కితే రెండవది. మీరు చూడని యంత్రం ఆగిపోదు. దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. మీ చూపూ చేతులూ మాత్రమే దానినుంచి తప్పుకుంటాయి.

తొలినాటి పెట్టెలకు రేడియో మరలాంటి తిప్పుడు మర ఉండేది. వాటితో ఒక చిక్కు. 1987లో ఐ.బి.ఎం. తెచ్చిన పి.ఎస్.2 రకం గుండ్రని ప్లగ్గుల కాలంలో, కంప్యూటరు మేలుకొనేటప్పుడు కీబోర్డు కనిపించకపోతే అక్కడే భీష్మించుకుని నిలిచిపోయేది. అందుచేత తరువాతి పెట్టెలు, కీబోర్డు నిజంగా లేకపోయినా ఉన్నట్టే ప్రతి కంప్యూటరుకూ నమ్మకం కలిగించడం నేర్చుకున్నవి. 1996లో యు.ఎస్.బి. వచ్చిన తరువాత పెట్టెలు రెండు రకాలైనాయి. చవకరకంలో బొత్తాము నొక్కినప్పుడల్లా కంప్యూటరు కీబోర్డును కొత్తగా గుర్తుపట్టుతుంది. ఒకటి రెండు క్షణాలు ఆగాలి. ఖరీదురకంలో వెంటనే మారుతుంది కాని, కీబోర్డుమీది కొన్ని ప్రత్యేకమైన మీటలు పనిచేయకపోవచ్చు.

బొమ్మ విషయంలోనూ ఇట్టిదే ఒక పేచీ ఉన్నది. మానిటరు తన కొలతలను కంప్యూటరుకు తానే చెప్పుకుంటుంది. మీరు రెండవ యంత్రానికి మారగానే, మొదటి యంత్రం ‘నా మానిటరు పోయింది’ అనుకుని తెరిచి ఉంచిన కిటికీలన్నిటినీ చెల్లాచెదరు చేస్తుంది. తిరిగి వచ్చేసరికి సంత చెదిరినట్టుంటుంది. మానిటరు ఇంకా ఉన్నట్టే నటించే శక్తిగల పెట్టెలు దొరుకుతాయి. వాటి వివరపత్రంలో ‘ఇ.డి.ఐ.డి. ఎమ్యులేషన్’ అని వ్రాసి ఉంటుంది. ఇక మీ మానిటరు ‘4కె’ రకమైతే, పెట్టె హెచ్.డి.ఎం.ఐ. 2.0 ప్రమాణానికైనా సరిపోవాలి. పాత 1.4 ప్రమాణపు పెట్టె ఆ స్థాయి బొమ్మను సెకనుకు 30 సార్లకు మించి మార్చలేదు. మౌసు బాణం కుంటినడక నడుస్తుంది.

రెండవ మార్గం: మానిటరు వెనుక చూడండి

పెట్టె కొనబోయే ముందు మీ మానిటరు వెనుకభాగాన్ని ఒకసారి పరికించండి. ఇటీవలి మానిటర్లలో చాలావాటికి బొమ్మ తీసుకొనే రంధ్రాలు రెండయినా ఉంటాయి. ఒకదానికి లాప్‌టాప్‌ను, రెండవదానికి ఇంటి కంప్యూటరును తగిలించి, మానిటరుమీది బొత్తాముతోనే ఏది కావాలంటే అది చూడవచ్చును. అప్పుడు కీబోర్డు, మౌసులకు మాత్రమే స్విచ్చి కావాలి. బొమ్మను మోయనక్కరలేదు కాబట్టి ఈ యు.ఎస్.బి. స్విచ్చి చాల చవక. రెండు బొత్తాములు నొక్కవలసి రావడమే ఇందులోని శ్రమ. మన ఇళ్ళకు ముప్పాతిక పాళ్ళు ఇదే చాలునని నా అభిప్రాయం.

తీగలు లేని బ్లూటూత్ కీబోర్డులలో కొన్ని మూడు యంత్రాలతో స్నేహం చేయగలవు. ఒక మీట నొక్కితే లాప్‌టాప్, మరొకటి నొక్కితే టాబ్లెట్. అట్టి కీబోర్డూ మౌసూ ఉన్నవారికి ఏ పెట్టే అక్కరలేదు.

మూడవ మార్గం: పెట్టె లేని పంపకం

ప్రతి కంప్యూటరుకూ దాని తెర దానికుండి, కీబోర్డు మౌసులను మాత్రం పంచుకోదలచినవారికి ఇది ఉచితం. మౌసు బాణాన్ని ఒక తెర అంచుదాకా తోస్తే, అది పక్క కంప్యూటరు తెరమీదికి దాటిపోతుంది. మీటలు కూడా దాని వెంటే పోతాయి. క్రిస్ షోనెమన్ 2001లో విడుదల చేసిన ‘సినర్జీ’ అనే ప్రోగ్రాము ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చింది. దాని శాఖలే తరువాత వచ్చిన ‘బ్యారియర్’, ‘ఇన్‌పుట్ లీప్’. మైక్రోసాఫ్ట్‌వారి ‘మౌస్ వితౌట్ బోర్డర్స్’ 2011లో వచ్చి, 2023లో వారి ‘పవర్‌టాయ్స్’లో కలిసింది, అది నాలుగు విండోస్ కంప్యూటర్ల వరకు కలుపుతుంది. ఆపిల్‌వారు తమ మాక్, ఐపాడ్‌లకు 2022 మార్చిలో ‘యూనివర్సల్ కంట్రోల్’ను ఇచ్చారు.

ఇందులో ఒక యంత్రం యజమాని; కీబోర్డు దానికే తగిలి ఉంటుంది. తక్కినవి అతిథులు. ఇంటి వైఫై మీదుగా పోయేది ఏ మీట నొక్కారు, బాణం ఎంత కదిలింది అన్న కబురు మాత్రమే. బొమ్మ పోదు గనుక భారం స్వల్పం. అయితే యజమాని యంత్రం ఆగితే అతిథులకు చేతులు ఉండవు. కంప్యూటరు పూర్తిగా మేలుకొనక ముందు నొక్కవలసిన మీటలకు కూడా ఈ పద్ధతి పనికిరాదు. అందుచేత ఒక పాత కీబోర్డును అటకమీద భద్రపరచండి.

మన లిపుల సంగతి

మనవంటి కుటుంబాలకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉన్నది. ఒకే ఇంట్లో ఉత్తరం తెలుగులో, బడి పాఠం కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో నడుస్తుంది. కీబోర్డు కంప్యూటరుకు పంపేది అక్షరం కాదు, మీట సంఖ్య. దానిని ఏ అక్షరంగా చూపాలో నిర్ణయించేది కంప్యూటరులోని అమరిక. కనుక స్విచ్చి వాడేవారు తాతగారి కంప్యూటరులో తెలుగు అమరికను, పిల్లవాడి కంప్యూటరులో కన్నడ అమరికను పెట్టుకుంటే, ఆ ఒక్క కీబోర్డే ఇద్దరికీ సరిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఇందుకు మరీ అనుకూలం. భారతీయ ప్రమాణాల సంస్థవారి 1991 నాటి ఐ.ఎస్. 13194 ప్రమాణంలో చోటుచేసుకున్న ఈ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. ఏ భారతీయ లిపికైనా ఒకే ధ్వనికి ఒకే మీట. ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే తెలుగు అమరికలో తెలుగు ‘క’, కన్నడంలో కన్నడ ‘క’, ఒడియాలో ఒడియా ‘క’ పడుతుంది. తెలుగు కొట్టడం వచ్చిన అమ్మాయికి, తాను పెరిగిన రాష్ట్రపు భాష కొట్టడం సగం వచ్చినట్టే. మూడవ మార్గం పట్టినవారు మాత్రం రెండు యంత్రాలలోను ఒకే అమరిక ఉంచుకోవాలి. లేకపోతే అక్షరాలు తారుమారు కావచ్చు.

ఆఫీసు గుట్టు

ఇక అతి ముఖ్యమైన సంగతి. ఆఫీసు లాప్‌టాప్ మన ఇంట్లో ఉన్నా మన సొత్తు కాదు. దానిలో ఇతరుల ఖాతాలు, కంపెనీ రహస్యాలు ఉంటాయి. చాల కంపెనీలు తమ అనుమతి లేకుండా కొత్త ప్రోగ్రాము ఎక్కించడాన్ని నిషేధిస్తాయి. మూడవ మార్గం ఎంత ఉచితమైనా, అడగకుండా ఆఫీసు యంత్రంలో పెట్టవద్దు. ఉద్యోగానికి ముప్పు రావచ్చు. పైగా ఆ ప్రోగ్రాములు ఒక యంత్రంలో కాపీ చేసినదానిని రెండవదానిలో అతికించనిస్తాయి. సౌకర్యమే గాని, ఆఫీసు కాగితంలోని పేరా ఒకటి పొరపాటున పిల్లవాడి కంప్యూటరులోకి పోవడానికి అదే దారి. ఇంటి యంత్రాల మధ్య వాడినా, కాపీ పంపకాన్ని అవసరం లేనప్పుడు ఆపివేయండి. సంకేతలిపిలో పంపే సదుపాయాన్ని తప్పక వేసి ఉంచండి. మీరు కొట్టే పాస్‌వర్డులు కూడా ఆ వైఫై మీదుగానే పోతాయి గదా!

స్విచ్చి పెట్టెకు ఏ ప్రోగ్రామూ అక్కరలేదు కనుక ఆఫీసువారి దగ్గర అనుమతి తేలికగా దొరకవచ్చు. అయినా పెట్టెకున్న అదనపు రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి మరచిపోతే, బొత్తాము నొక్కినప్పుడల్లా అది ఇటునుంచి అటు మారుతుంది. ఒక యంత్రంలోని వైరసు రెండవదానికి అంటుతుంది. అమెరికా ప్రభుత్వ కార్యాలయాలలో రహస్యమైన నెట్‌వర్కునూ మామూలు నెట్‌వర్కునూ ఒకే బల్లనుంచి వాడవలసిన చోట, ప్రత్యేక పరీక్షలకు నిలిచిన పెట్టెలనే కొనడం ఇందుకే. మన ఇళ్ళకు అంత అక్కరలేదు. కీబోర్డు, మౌసు తప్ప మరేదీ తగిలించకుండా ఉంటే చాలును. కెమేరా, చెవుల మైకు కూడా ఆఫీసు లాప్‌టాప్‌కే నేరుగా పెట్టుకోండి. లేకపోతే మీటింగు మధ్యలో బొత్తాము నొక్కగానే మీ గొంతు మూగబోతుంది.

కొనబోయే ముందు

అంగడికి వెళ్ళే ముందు ఒక కాగితంమీద వ్రాసుకోండి: ఎన్ని కంప్యూటర్లు, ఒక్కొక్కదానికి బొమ్మ బయటికి వచ్చే రంధ్రం ఏ రకం, మానిటరుకు ఎన్ని రంధ్రాలు, వాటి మధ్య దూరం ఎంత. కొత్త లాప్‌టాప్‌లకు ఉండే టైప్-సి రంధ్రాలన్నీ బొమ్మను పంపలేవు. లాప్‌టాప్ వివరపత్రం చూసి నిర్ధారించుకోండి. తీగలు పెట్టెతోపాటే వస్తాయో, విడిగా కొనాలో అడగండి. వాటి ఖరీదు ఒక్కొక్కప్పుడు పెట్టె ఖరీదుకు దగ్గరగా పోతుంది. నచ్చకపోతే తిరిగి తీసుకొనే అంగడిలోనే కొనండి. రసీదు దాచండి.

ఇంటికి తెచ్చాక తీగలకు చీటీలు అంటించండి: ఇది ఆఫీసుది, ఇది అమ్మాయిది, ఇది తాతగారిది అని. ఏ బొత్తాము ఎవరిదో ఇంట్లో అందరికీ ఒకసారి నొక్కి చూపించండి. పరీక్షల నెలలో సాయంత్రం ఆరు దాటితే పెద్ద మానిటరు పిల్లలదని ముందే నిశ్చయించుకోండి. ఏ స్విచ్చీ తీర్చలేని తగవు అది ఒక్కటే.