మీకు తెలుసా? డచ్చి ఆంబోతు... మన ఒంగోలు గిత్త!

బోయిన్‌పల్లి మీదుగా మేడ్చల్ బస్సెక్కితే ‘డెయిరీ ఫామ్’ వస్తుంది కదా! ఎవరి డెయిరీ అనుకున్నారు? ఒకప్పుడు సైన్యానిది! జవాన్లకు పాలు పోసేందుకు ఇలాంటి ఫామ్ దేశంలో మొట్టమొదట పెట్టింది 1889లో, అలహాబాద్‌లో!

ఈ సైనిక ఫామ్‌లలోనే ‘ఫ్రీస్వాల్’ అనే కొత్త ఆవు జాతి తయారైంది. దాని ఒంట్లో ఎనిమిదింట 5 వంతులు డచ్చి నెత్తురే! మిగతాది మన సాహివాల్‌ది.

డచ్చివాళ్లకు పశువులంటే ఎంత పిచ్చో తెలుసా? 1647లో పౌలుస్ పాటర్ అనే కుర్రాడు ఒక ఆంబోతు బొమ్మ వేశాడు. చిన్నాచితకా బొమ్మా అది! వెడల్పే దాదాపు 3.4 మీటర్లు! అంత పెద్ద బొమ్మలు అప్పట్లో రాజులకూ యుద్ధాలకూ వేసేవాళ్లు. ఇతను ఆంబోతుకు వేసేశాడు!

దగ్గరికెళ్లి చూడండి. వీపు చుట్టూ ఈగలు! గడ్డిలో కప్ప! చెట్టు పక్కన రైతు, కాళ్ల దగ్గర గొర్రెలు. ఇంకో గుట్టు చెప్పనా? అసలు అలాంటి ఆంబోతే లేదు! ఒక్కో భాగం ఒక్కో ఈడు పశువుది. అన్నీ కలిపి ఒకటి చేశాడు! సంతలో పళ్లు చూసి ఈడు చెప్పే మన రైతు దీని ముందు నిలబడితే తల గోక్కోవాల్సిందే. ఇంత చేసినవాడి వయసెంతనుకున్నారు? 21!

ఆ బొమ్మను ఫ్రెంచి సైన్యం ప్యారిస్‌కు ఎత్తుకుపోయింది! 20 ఏళ్లకు గానీ ఇల్లు చేరలేదు. ఇప్పుడు హేగ్‌లో, మౌరిట్స్‌హౌస్‌లో ఉంది.

పాటర్ పుట్టింది 1625లో. సరిగ్గా 300 ఏళ్లకు సిద్దిపేటలో మన చిత్రకారుడు కాపు రాజయ్య పుట్టారు! ఆయన కుంచె పట్టింది కూడా పల్లె కోసమే. రాళ్లు కొట్టే వడ్డెరలను నకాషీ బాణీలో బొమ్మ కట్టారు. నన్నడిగితే, ఈగలూ కప్పలూ లేకపోయినా చెమట కనిపించేది ఇక్కడే!

మరి మేకలో? వాటికి లక్ష్మా గౌడ్ ఉన్నారు! మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన బొమ్మల్లో మేకలు దర్జాగా తిరుగుతాయి. 2016లో పద్మశ్రీ!

డచ్చి నెత్తురు మన ఆవుల్లోకి వచ్చింది సరే, మరి డచ్చివాళ్లు మన దగ్గర్నుంచి ఏం పట్టుకెళ్లారో తెలుసా? ఒంగోలు పశువుల్ని! 20వ శతాబ్దం మొదట్లో ఓడెక్కించి, అప్పట్లో తమ ఏలుబడిలో ఉన్న ఇండోనేషియాకు తీసుకెళ్లారు. సుంబా దీవిలో దింపారు. ఆ మందలు ఇప్పటికీ అక్కడ మేస్తున్నాయి. జాతి పేరేంటంటే... ‘సుంబా ఒంగోలు’!