రాగిరేకు మీద సుద్దగీత

ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొగ్గుకడ్డీతో గీసిన తెలంగాణ స్త్రీల బొమ్మల్లో బుగ్గల గుండ్రదనాన్నీ, కొప్పు బరువునూ చూపించేది చేతి ఒడుపు ఒక్కటే కాదు, కాగితపు గరుకు కూడా. కడ్డీ తగిలిన మిట్టలు నల్లబడి, తగలని పల్లాలు తెల్లగా మిగిలిపోవడం వల్ల అక్కడి ప్రతి గీతా నిజానికి లెక్కలేనన్ని నలుసుల వరుస. కెమెరా లేని రోజుల్లో ఇటువంటి గీతను అచ్చువేయడం పెద్ద చిక్కు, ఎందుకంటే చెక్కుడు పనివారి ఉలి రాగిరేకులో నున్నటి, ఎక్కడా తెగని చాలును మాత్రమే తీయగలదు.

ఆ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడైన ఫ్రెంచి కళాకారుడు జాన్ షార్ల్ ఫ్రాన్స్వా 1750ల చివర ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని సుద్దగీత పద్ధతి అనవచ్చు. ఇందులో రాగిరేకుకు ముందుగా మైనం, గుగ్గిలం వంటివి కలిపిన పూత పూసి, దాని మీద రూలెట్ అనే ఎగుడుదిగుడు పళ్ల చిన్న చక్రాన్ని గీత వెంట దొర్లిస్తారు. మొనలు తేలిన తల ఉన్న మరో పనిముట్టుతో నీడ పట్టున పొడుస్తారు. పూతకు చిల్లులు పడినచోటల్లా ఆమ్లం రాగిని తిని గుంటలు చేస్తుంది. రూపచిత్రంలో నుదుటి వెలుగు దగ్గర ఈ గుంటలు సన్నగా, ఎడంగా ఉంటే, గడ్డం కింద లోతుగా, ఒత్తుగా కమ్ముకుంటాయి. వాటిలో తరచుగా జేగురు రంగు సిరా నింపి, రేకు పైభాగాన్ని తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో నొక్కితే, బొమ్మ కుడియెడమలు తారుమారై దిగుతుంది కాబట్టి మూలచిత్రాన్ని రేకు మీద తిప్పి గీయక తప్పదు.

చిత్రకారుడు బూషే గీసిన బొమ్మలను జిల్ దెమార్తో ఈ పద్ధతిలోనే విరివిగా అచ్చువేశాడు, వాటిని చూసి చిత్రలేఖన విద్యార్థులు చేయి తిప్పుకున్నారు. లూయీ మారిన్ బొన్నే ఇంకా సాహసించి, 1769లో ఫ్లోరా దేవత శిరస్సును ఎనిమిది రేకులతో పాస్టెల్ రంగుల్లో దించాడు. ఒక్క రేకు వెంట్రుకవాసి జరిగినా ముఖమంతా మసకబారే పని అది.

శతాబ్దం చివర జిడ్డు కడ్డీతో రాతి మీద నేరుగా గీసే లితోగ్రఫీ రావడంతో ఇంత శ్రమకు అవసరం తీరిపోయింది. అయితే రాగిరేకు పని అంతరించలేదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన కె. లక్ష్మా గౌడ్ ఎచింగులలోనూ ఆమ్లమే పనిచేసింది, కాకపోతే దెమార్తో మరొకరి గీతకు నకలు తీస్తే, లక్ష్మా గౌడ్ తన సొంత గీతనే లోహం మీద పెట్టాడు.