కొబ్బరి పొట్టు కుండీలలో టమాటా: నాటిన పిదప నీరు, పోషకాల యాజమాన్యం

పలమనేరు పరిసరాల్లో టమాటా సాగుకు బోరుబావులే ముఖ్యాధారం. కుండీలలో, గ్రో బ్యాగులలో నేలకు బదులు కొబ్బరి పొట్టు వాడినప్పుడు ఆ నీటి నాణ్యత మరింత కీలకమవుతుంది.

ముడి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు అధికం. నీటితో కడిగినప్పుడు స్వేచ్ఛగా ఉన్న లవణాలే పోతాయి. పొట్టును అంటిపెట్టుకొన్న సోడియంను తొలగించడానికి కాల్షియం నైట్రేటు ద్రావణం అవసరం. కడిగే నీరే ఉప్పదనం కలదైతే, ఎంత కడిగినా ఆ నీటి స్థాయికి దిగువన లవణాలు తగ్గవు. వాననీరు శ్రేష్ఠం.

కడిగిన పొట్టులో పోషకాలు స్వల్పం. కనుక నారు నాటిన పిదప వట్టి నీటితో సరిపెట్టక, పలుచని పోషక ద్రావణంతో ప్రారంభించి, కొత్త చిగుళ్ళు వచ్చిన కొద్దీ గాఢత పెంచాలి. తొలి రోజుల్లో వేళ్ళు ట్రే గడ్డకే పరిమితం; మొదలు చుట్టూ కొద్దికొద్దిగా తడి ఇవ్వాలి. పొట్టు నిరంతరం నానితే వేళ్ళకు ప్రాణవాయువు అందదు.

పోసిన ద్రావణం, అడుగున కారిన నీరు, రెండింటి విద్యుత్ వాహకతను పోల్చాలి. కారిన నీటిలో అది గణనీయంగా పెరుగుతుంటే లవణాలు పేరుకొంటున్నట్లే. మళ్ళీ కడగవలసిన సమయాన్ని నిర్ణయించవలసినది ఈ కొలతే. తేదీల లెక్క కాదు.