పని మధ్యలో వెనుదిరిగి చూచుట

పని ముగిసిన తర్వాత లెక్క చూచుకొనే అలవాటు ప్రతి వృత్తిలోనూ ఉన్నది. కాని అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయి ఉంటుంది. పని నడుస్తూండగానే నియమిత వ్యవధులలో ఆగి, పని సాగిన తీరును గురించి చేసినవారే కూర్చుండి మాట్లాడుకొనే పద్ధతికి కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసేవారు ‘రెట్రాస్పెక్టివ్’ అని పేరు పెట్టుకున్నారు. తెలుగులో పునరవలోకనం అనవచ్చు.

ఇటువంటిదే సైన్యంలో ముందునుండీ ఉన్నది. 1970వ దశకంలో అమెరికా సైన్యం తన శిక్షణలో ప్రవేశపెట్టిన సమీక్షలో ప్రశ్నలు నాలుగే: ఏమి జరగవలసి ఉండెను? ఏమి జరిగింది? ఎందుకట్లా జరిగింది? ఇకమీదట దేనిని నిలుపుకోవాలి, దేనిని మార్చుకోవాలి? ఆజ్ఞాపాలనే ప్రాణమైన చోట, సిపాయి తన అధికారి పొరపాటును అధికారి ఎదుటనే చెప్పగలగడం చిన్న విషయం కాదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే చోట 17 మంది ప్రోగ్రామింగ్ నిపుణులు సమావేశమై ‘ఎజైల్’ ప్రకటనను రూపొందించారు. దానికి అనుబంధమైన 12 సూత్రాలలో చివరిది ఈ పునరవలోకనమే. అదే సంవత్సరం ఈ విషయంపై నార్మన్ కెర్త్ గ్రంథం వెలువడింది. ఆయన విధించిన నియమం విచిత్రంగా తోస్తుంది: అప్పటికి తెలిసిన విషయాలు, ఉన్న నైపుణ్యం, దొరికిన సాధనాలను బట్టి ప్రతి ఒక్కరూ చేతనైనంత బాగానే పనిచేశారని నమ్మి కూర్చోవాలి. ఇది తప్పులను కప్పిపుచ్చడమే కదా అని కొందరు ఆక్షేపిస్తారు. ఒకరి పని రెండు రోజులు ఆలస్యమయిందనుకుందాము. “తప్పెవరిది?” అంటే జవాబుగా ఒక పేరు వస్తుంది, విచారణ అక్కడితో ఆగిపోతుంది. “ఆ రెండు రోజులూ ఏమి జరిగింది?” అని అడిగితే, అతడు మరొకరి నుండి రావలసిన కాగితం కోసం ఎదురుచూస్తున్నాడనీ, ఆ మరొకరికి ఆ సంగతే తెలియదనీ బయటపడుతుంది. అందుకే 2006లో ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ తమ పుస్తకంలో చెప్పిన అయిదు మెట్లలో సంగతుల సేకరణ ముందు, కారణాల విచారణ తరువాత.

స్క్రమ్ పద్ధతిలో నెల రోజుల పనికి ఈ సమావేశం మూడు గంటలు మించరాదు. గంటలు కేటాయించడం సులువే. నోరు విప్పించడమే కష్టం. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో పలు బృందాలకు సగం సభ్యులు సముద్రాల ఆవల ఉంటారు. 2020 తర్వాత పలువురు ఇళ్ళనుండే పనిచేయసాగారు. టీ త్రాగుతూ దులుపుకొనే చిన్న చిన్న మనస్పర్థలకు ఆ అవకాశం తగ్గింది. పైగా జీతం పెంపును నిర్ణయించే అధికారి ఎదుట కూర్చుంటే, “అంతా బాగానే ఉంది సార్” అన్న మాట తప్ప వేరొకటి రాదు. కొందరు అధికారులు తెలివిగా చివర మాట్లాడతారు, లేదా బయటనే ఉండిపోతారు. పేరులేని చీటీలు వ్రాయించడం మరో ఉపాయం.

ఇంతా చేసి, తేలిన లోపాలలో ఒకటి రెండింటికి మాత్రమే బాధ్యులను నిర్ణయించుకోవాలి. తర్వాతి సమావేశాన్ని వాటి సంగతితోనే ఆరంభించాలి. ఇది జరగని చోట మూడవసారి కూడ అదే ఫిర్యాదు గోడమీదికి ఎక్కుతుంది. నాల్గవసారి ఆ చీటీ ఎవరూ వ్రాయరు. సమస్య తీరిందని అధికారి సంతోషిస్తాడు.